ఫొటో ఫిల్ముల స్వభావాలు: తరచుగా అడిగే ప్రశ్నలు

కెమెరా, లెన్సు, దృశ్యం అవే అయినా ఫిల్ము మారితే ఫొటో ఎందుకు మారిపోతుంది?

పారదర్శకమైన పట్టీ మీద, జెలటిన్‌లో కలిపి పూసిన వెండి లవణాల పొరనే ఎమల్షన్ అంటాము. ఆ లవణాల స్ఫటికాలు ఎంత పెద్దవి, ఏ ఆకారంలో ఉన్నాయి, వాటికి ఏ రంజకాలు పట్టించారు, ఎన్ని పొరలుగా పూశారు అనే విషయాలను బట్టి ఒక్కొక్క ఫిల్ము వెలుగుకు ఒక్కొక్క విధంగా స్పందిస్తుంది. ఈ స్పందనను గీత రూపంలో మొదట చూపినవారు ఫెర్డినాండ్ హర్టర్, వెరో చార్లెస్ డ్రిఫీల్డ్ అనే ఇద్దరు. 1890లో వారు ప్రచురించిన పద్ధతి ప్రకారం గీసిన గీతను నేటికీ ప్రతి ఫిల్ము సమాచార పత్రంలో చూడవచ్చు. ఆ గీతకు కింద నీడలను చూపే పాదం, మధ్యలో దాదాపు సరళరేఖలా సాగే భాగం, పైన వెలుగులను చూపే భుజం ఉంటాయి. పాదం పొడవుగా ఉన్న ఫిల్ములో నీడలు ఒకదానిలో ఒకటి కలిసిపోతాయి. భుజం మెల్లగా వంగిన ఫిల్ములో ఆకాశం వంటి వెలుగు భాగాలు ఒక్కసారిగా తెల్లబడిపోకుండా మెత్తగా ముగుస్తాయి. ఒక ఫిల్ము మృదువుగా ఉందని, మరొకటి గట్టిగా ఉందని మనం అంటున్నప్పుడు చాలావరకు మాట్లాడుతున్నది ఈ వంపుల గురించే.

జెలటిన్ కూడా ఇందులో పాలుపంచుకుంటుంది. కొన్ని జెలటిన్లతో చేసిన ఎమల్షన్లు వేగంగాను, మరికొన్నింటితో చేసినవి మందకొడిగాను ఎందుకు ఉంటున్నాయో చాలా కాలం ఎవరికీ అంతుపట్టలేదు. పశువులు మేసిన ఆవజాతి మొక్కల నుండి జెలటిన్‌లోకి చేరిన అతిసూక్ష్మమైన గంధక సమ్మేళనాలే దానికి కారణమని 1920లలో కోడాక్ పరిశోధకుడు శామ్యూల్ షెపర్డ్ కనుగొన్నాడు. అప్పటి నుండి ఆ గంధకాన్ని కొలిచి కలపడం సాధ్యమైంది.

డబ్బా మీద ఉన్న ఐఎస్ఓ సంఖ్య ఏం చెబుతుంది?

ఫిల్ము వేగాన్ని, అంటే ఎంత తక్కువ వెలుగులో గుర్తించదగిన నీడ వివరం నమోదవుతుందో ఆ సంఖ్య చెబుతుంది. 100 నుండి 200కు వెళితే అవసరమయ్యే వెలుగు సగానికి తగ్గుతుంది. దీనినే ఒక స్టాప్ అంటాము. పాత జర్మన్ పద్ధతిలో ప్రతి స్టాపుకూ 3 డిగ్రీలు పెరుగుతాయి కనుక, 400 ఫిల్ము డబ్బా మీద 400/27 డిగ్రీలు అని కనబడుతుంది.

అయితే డబ్బా మీది ప్రతి సంఖ్యా ఐఎస్ఓ ప్రమాణం ప్రకారం కొలిచినది కాదు. ఇల్ఫోర్డ్ డెల్టా 3200 అసలు వేగం, తయారీదారు లెక్క ప్రకారమే, 1000. డెవలప్ చేసే సమయాన్ని పెంచి 3200 వద్ద వాడుకునేలా దానిని రూపొందించారు కాబట్టి ఆ పేరు పెట్టారు. కోడాక్ టి-మ్యాక్స్ పి3200 సంగతీ అంతే. పేరులో ఉన్న పి అక్షరం పుష్ చేయడాన్ని, అంటే వెలుగు తక్కువ ఇచ్చి డెవలప్ చేసే సమయాన్ని పెంచడాన్ని సూచిస్తుంది. ఈ విషయం తెలియక, ఇవి నిజంగా 3200 వేగం కలిగినవనుకుని నీడలలో వివరం ఆశించేవారికి నిరాశే మిగులుతుంది.

గ్రెయిన్ అంటే కచ్చితంగా ఏమిటి?

స్ఫటికాలే గ్రెయిన్‌గా కనబడతాయని చాలామంది అనుకుంటారు. విడి స్ఫటికం కంటికి ఆనదు, ఎందుకంటే దాని పరిమాణం సుమారుగా మైక్రోమీటరు స్థాయిలో, అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు చుట్టుపక్కల ఉంటుంది. పొర మందంలో ఒకదాని మీద ఒకటి పడిన వెండి రేణువులు అక్కడక్కడ గుంపులు కట్టడం, మధ్యలో ఖాళీలు మిగలడం వల్ల కలిగే ఎగుడుదిగుడు రూపాన్నే మనం గ్రెయిన్ అని చూస్తాము. బాగా ఎండిన నెగటివ్‌ను లైటు బల్ల మీద పెట్టి మంచి భూతద్దంతో ఆకాశం ఉన్న భాగాన్ని చూడండి. దూరం నుండి నునుపైన బూడిదరంగుగా ఉన్నది దగ్గరికి వచ్చేసరికి తడి ఇసుకను గాజు పలక మీద పలచగా పరిచినట్లు కనబడుతుంది. చెట్టు కాండం వంటి వివరం నిండిన చోట అదే గ్రెయిన్ దాగిపోతుంది. మధ్యస్థపు బూడిదరంగు విశాలంగా పరుచుకున్న చోటనే అది మొదట బయటపడుతుంది.

కలర్ ఫిల్ములో చివరికి వెండి మిగలదు. డెవలప్ అయిన వెండి చుట్టూ రంగు మేఘాలు ఏర్పడిన తరువాత ఆ వెండిని పూర్తిగా తొలగిస్తారు కాబట్టి, కలర్ ఫిల్ము గ్రెయిన్ అంటే ఆ రంగు మేఘాల ఆకృతే. దీనివల్ల చాలామందికి విడ్డూరంగా తోచే ఫలితం ఒకటి వస్తుంది. నలుపు తెలుపు ఫిల్ముకు వెలుగు ఎక్కువ ఇస్తే గ్రెయిన్ పెరుగుతుంది. కలర్ నెగటివ్‌కు ఒక స్టాప్ ఎక్కువ ఇస్తే గ్రెయిన్ తగ్గినట్లు కనబడుతుంది, ఎందుకంటే పెద్ద స్ఫటికాల రంగు మేఘాలు కలిసిపోయి ఖాళీలు పూడిపోతాయి, సన్నని స్ఫటికాల పొర కూడా పనిలోకి వస్తుంది. తక్కువ వెలుగు పడిన కలర్ నెగటివ్ నీడలలో కనిపించే గరుకుదనానికి కారణం అక్కడ పెద్ద స్ఫటికాలు మాత్రమే స్పందించడం.

గ్రెయిన్‌ను అంకెలలో చెప్పడానికి ఆర్ఎంఎస్ గ్రాన్యులారిటీ అనే కొలత ఉంది, అంకె పెరిగితే గ్రెయిన్ ఎక్కువని అర్థం. కోడాక్ పత్రాలలో టి-మ్యాక్స్ 100కు 8, ట్రై-ఎక్స్ 400కు 17 అని ఉంటుంది. ఈ తేడా కంటికి స్పష్టంగా తెలుస్తుంది. కానీ 35 మిల్లీమీటర్ల ఫిల్ము చట్రం 24×36 మిల్లీమీటర్లు మాత్రమే కనుక, అదే ఎమల్షన్‌ను అంతకన్నా వెడల్పైన 120 రోలులో వాడి అంతే పరిమాణానికి ప్రింటు తీస్తే గ్రెయిన్ బాగా తగ్గి కనిపిస్తుందనే విషయాన్ని మరువకూడదు.

టి-మ్యాక్స్, డెల్టా వంటి వాటిని పాత పద్ధతి ఫిల్ముల నుండి ఎందుకు వేరు చేసి చెబుతారు?

ట్రై-ఎక్స్, హెచ్‌పీ5 ప్లస్, ఎఫ్‌పీ4 ప్లస్, ఫోమాపాన్ వంటి వాటిలో స్ఫటికాలు గులకరాళ్లలా రకరకాల ఆకారాలలో ఉంటాయి. 1986లో వచ్చిన టి-మ్యాక్స్‌లోను, తరువాత వచ్చిన డెల్టాలోను స్ఫటికాలు పలకల్లా చదునుగా ఉంటాయి. చదునైన స్ఫటికం తక్కువ వెండితో ఎక్కువ వెలుగును పట్టుకుంటుంది కాబట్టి, అదే వేగం వద్ద గ్రెయిన్ సన్నగా వస్తుంది.

బదులుగా అవి జాగ్రత్త కోరుతాయి. ప్రతిబింబాన్ని పైకి తెచ్చే రసాయనమైన డెవలపర్ ఉష్ణోగ్రతలో, సమయంలో, ఫిల్మును డెవలప్ చేసే ట్యాంకును కదిపే తీరులో చిన్న మార్పు జరిగినా టి-మ్యాక్స్ కాంట్రాస్ట్, అంటే ముదురు లేతల మధ్య తేడా, మారిపోతుంది. ప్రతిబింబాన్ని స్థిరపరిచే ఫిక్సర్ ద్రావణంలో కూడా ఎక్కువసేపు ఉంచాలి, లేకుంటే నెగటివ్ మీద గులాబీ ఛాయ మిగులుతుంది. పాత పద్ధతి ఫిల్ములు ఇలాంటి చిన్న పొరపాట్లను చాలావరకు భరిస్తాయి. నేర్చుకునే దశలో ఉన్నవారికి వాటినే సూచించడానికి నాకున్న కారణం అదొక్కటే.

ట్రై-ఎక్స్ మంచిదా, హెచ్‌పీ5 ప్లస్ మంచిదా?

రెండూ 400 వేగం కలిగినవే, రెండూ పుష్ చేయడానికి అనుకూలమైనవే. ట్రై-ఎక్స్ 35 మిల్లీమీటర్ల రూపంలో 1954లో వచ్చి పత్రికా ఫొటోగ్రాఫర్ల చేతిలో స్థిరపడింది. హెచ్‌పీ5 ప్లస్ 1989 నాటిది. నా చేతిలో, డి-76 డెవలపర్‌తో, హెచ్‌పీ5 మధ్య ఛాయలు కొంచెం చప్పగాను, ట్రై-ఎక్స్‌వి కొంచెం బిగువుగాను వస్తున్నాయి. మబ్బు పట్టిన రోజున ట్రై-ఎక్స్‌ను, మిట్టమధ్యాహ్నపు ఎండలో హెచ్‌పీ5ను ఎంచుకుంటాను. అయితే డెవలప్ చేసే సమయాన్ని పదిహేను శాతం అటూఇటూ మార్చి ఒకదానిని రెండోదానికి దగ్గరగా తేవచ్చు కాబట్టి, ఈ రెండింటి విషయంలో వాదన అవసరానికి మించి సాగుతున్నదని నా అభిప్రాయం.

నలుపు తెలుపు ఫిల్ముకు రంగులు ఎలా కనబడతాయి?

వెండి లవణాలకు సహజంగా నీలం, అతినీల లోహిత కాంతి మాత్రమే తెలుసు. రంజకాలు కలిపి ఇతర రంగులకు స్పందించేలా చేయవచ్చని 1873లో హెర్మన్ ఫోగెల్ కనుగొన్నాడు. ఆకుపచ్చ వరకు స్పందించి ఎరుపును చూడలేని ఫిల్మును ఆర్థోక్రొమాటిక్ అని, ఎరుపును కూడా చూడగలిగిన దానిని పాన్‌క్రొమాటిక్ అని అంటారు. ఇల్ఫోర్డ్ ఆర్థో ప్లస్‌తో ముఖం తీస్తే పెదవులు నల్లగా, చర్మం మీది ప్రతి మచ్చా స్పష్టంగా కనబడతాయి, ఆకాశం తెల్లగా తేలిపోతుంది. ఎర్రని దీపం వెలుగులో ట్యాంకులోకి ఎక్కించగలగడం దానిలోని సౌకర్యం.

పాన్‌క్రొమాటిక్ ఫిల్ములు కూడా నీలానికి మన కంటికన్నా ఎక్కువగా స్పందిస్తాయి. మబ్బులు ఆకాశంలో కలిసిపోవడం అందువల్లనే. పసుపు ఫిల్టరు దానిని సరిదిద్దుతుంది, ఎరుపు ఫిల్టరు ఆకాశాన్ని దాదాపు నల్లగా చేస్తుంది.

కలర్ నెగటివ్ నారింజ రంగులో ఎందుకు ఉంటుంది?

అది మరకా కాదు, లోపమూ కాదు. ఫిల్ములో ఏర్పడే రంగులు ఏవీ పూర్తిగా శుద్ధమైనవి కావు. మెజెంటా రంగు ఆకుపచ్చ కాంతిని మాత్రమే ఆపాలి, కానీ కొంత నీలాన్ని కూడా ఆపుతుంది. సయాన్ ఎరుపును మాత్రమే ఆపాలి, కానీ కొంత ఆకుపచ్చను, నీలాన్ని కూడా మింగుతుంది. దీనిని సరిచేయడానికి, మెజెంటాను ఇచ్చే పదార్థాన్ని ముందే పసుపు ఛాయలోను, సయాన్‌ను ఇచ్చే పదార్థాన్ని గులాబీ ఛాయలోను తయారుచేస్తారు. రంగు ఏర్పడిన చోట ఆ ఛాయ అంతమేరకు నశిస్తుంది, ఏర్పడని చోట అలాగే ఉండిపోతుంది. ఫలితంగా ఆ అనవసరపు శోషణ ఫిల్ము అంతటా సమానంగా పరుచుకుని నారింజ పొరగా కనబడుతుంది. సమానంగా ఉన్నదానిని ప్రింటింగులో తీసివేయడం తేలిక. ఫొటోగ్రఫీ రసాయన శాస్త్రంలో ఇంత తెలివైన ఏర్పాటు మరొకటి నాకు కనబడలేదు.

పోర్ట్రా, ఎక్టార్, గోల్డ్: వీటిని ఎలా ఎంచుకోవాలి?

ఈ మూడూ కోడాక్ కలర్ నెగటివ్ ఫిల్ములు. మనుషుల కోసం పోర్ట్రా. 1998లో మొదలైన ఈ వరుసలో ఇప్పుడు 160, 400, 800 ఉన్నాయి. చర్మపు ఛాయలు మెత్తగా, ఒకదానిలోకి ఒకటి జారుతున్నట్లు వస్తాయి. ఎక్టార్ 100 2008లో వచ్చింది. గ్రెయిన్ అతి సన్నగా, రంగులు నిండుగా ఉంటాయి కాబట్టి కొండలకు, కట్టడాలకు, పూలకు బాగుంటుంది. ముఖాలను మాత్రం కొంత ఎర్రబరుస్తుంది. వెలుగు తక్కువ ఇస్తే దాని నీడలు నీలివైపు ఒరుగుతాయి కనుక వెలుగును కొలిచే మీటరును జాగ్రత్తగా చూడాలి. గోల్డ్ 200 వెచ్చని పసుపు ఛాయతో, కొంచెం ఎక్కువ గ్రెయిన్‌తో, సాయంకాలపు ఎండకు చక్కగా అమరుతుంది.

కలర్ నెగటివ్‌కు ఉన్న వెసులుబాటు స్లైడు ఫిల్ముకు ఎందుకు లేదు?

నెగటివ్ మధ్యదశ మాత్రమే. దాని నుండి ప్రింటు తీసేటప్పుడు ముదురు లేతలను సర్దుకునే అవకాశం ఉంటుంది కాబట్టి, తక్కువ కాంట్రాస్ట్‌తో ఎక్కువ వెలుగు పరిధిని ఇముడ్చుకునేలా దానిని తయారుచేస్తారు. పోర్ట్రా 400కు రెండు మూడు స్టాపులు ఎక్కువ పడినా చక్కని ప్రింటు వస్తుంది. తక్కువ పడితే మాత్రం ఒక స్టాపు దాటగానే నీడలు బురదగా మారతాయి. స్లైడు అయితే తానే చివరి రూపం. చీకటి గదిలో తెర మీద నేరుగా వెలగాలి కనుక నలుపు గాఢంగా, కాంట్రాస్ట్ బలంగా ఉండాలి. అందుకే సగం స్టాపు ఎక్కువైతే మబ్బులు ఖాళీ ప్లాస్టిక్ అయిపోతాయి, ఆ వివరం మరి రాదు. నెగటివ్‌కు నీడలను చూసి, స్లైడుకు వెలుగులను చూసి మీటరు పెట్టాలని పెద్దలు చెప్పిన మాట దీనినుండి వచ్చినదే.

1990లో వచ్చిన ఫుజీ వెల్వియా 50 ఆకుపచ్చలను, ఎరుపులను నిజంకన్నా గాఢం చేస్తుంది. ప్రకృతి దృశ్యాలకు అది వరం, ముఖాలకు సరిపడదు. ప్రోవియా 100ఎఫ్ నిదానమైనది, తటస్థమైనది. 2018లో తిరిగి వచ్చిన కోడాక్ ఎక్టాక్రోమ్ ఇ100 శుభ్రంగా, కొంత చల్లగా ఉంటుంది. స్లైడుకు ఉన్న గొప్ప గుణం మరొకటుంది: డెవలప్ అయి వచ్చిన పట్టీని కిటికీ వైపు ఎత్తి చూస్తే అదే ఫొటో. ఎవరి వ్యాఖ్యానమూ అక్కరలేదు.

కోడాక్రోమ్‌ను మళ్లీ ఎందుకు తయారుచేయడం లేదు?

లియోపోల్డ్ మానెస్, లియోపోల్డ్ గొడౌస్కీ అనే ఇద్దరు సంగీతకారులు రూపొందించిన కోడాక్రోమ్ 1935లో 16 మిల్లీమీటర్ల సినిమా ఫిల్ముగాను, 1936లో 35 మిల్లీమీటర్ల స్లైడు ఫిల్ముగాను వచ్చింది. మిగతా కలర్ ఫిల్ములలో రంగునిచ్చే పదార్థాలు పొరలలోనే ఉంటాయి. కోడాక్రోమ్‌లో అవి ఫిల్ములో లేవు, డెవలపర్లలో ఉంటాయి. అందువల్ల పొరలు పలుచగా, అంచులు పదునుగా ఉండేవి. చీకటిలో భద్రపరచిన స్లైడులు దశాబ్దాల తరువాత కూడా రంగు చెడకుండా ఉన్నాయి, అయితే ప్రొజెక్టరు వెలుగును మాత్రం అవి అంతగా తట్టుకోవు. దీనికి చెల్లించిన మూల్యం కె-14 అనే సంక్లిష్టమైన ప్రక్రియ. ఒక్కొక్క పొరకూ విడిగా రంగు పట్టించాలి, నిపుణులు ఉండాలి, యంత్రం నిరంతరం నడుస్తూ ఉండాలి. తయారీ 2009లో ఆగింది. అమెరికాలో కాన్సస్ రాష్ట్రంలోని పార్సన్స్ పట్టణంలో ఉన్న చివరి ల్యాబు 2010 డిసెంబరు 30 వరకు మాత్రమే రోళ్లను స్వీకరించింది. ఫిల్మును ఎవరైనా మళ్లీ పూయగలిగినా ఆ ప్రక్రియను నడపగల వ్యవస్థను కూడా తిరిగి కట్టుకోవలసి ఉంటుంది.

పుష్ చేస్తే ఫిల్ము వేగం పెరుగుతుందా?

పెరగదు. 400 ఫిల్మును 1600గా భావించి ఫొటో తీసినప్పుడు నీడల మీద పడవలసిన వెలుగు పడలేదు. వెలుగు సోకని స్ఫటికాన్ని ఎంతసేపు డెవలపర్‌లో ఉంచినా వివరం పుట్టదు. సమయం పెంచినందువల్ల మధ్య ఛాయలు, వెలుగులు మాత్రం పైకి లేస్తాయి, కాంట్రాస్ట్, గ్రెయిన్ పెరుగుతాయి. రాత్రి వీధిదీపాల కింద నీడలు నల్లగా ఉండిపోయినా అందంగానే ఉంటాయి కనుక అక్కడ పుష్ చేయడం సబబే. పుల్ చేయడం దీనికి విలోమం: వెలుగు ఎక్కువ ఇచ్చి డెవలప్ తగ్గించడం, కఠినమైన ఎండలో ఉపయోగం.

ఇల్ఫోర్డ్ ఎక్స్‌పీ2 సూపర్ ఈ గొడవకు అతీతం. నలుపు తెలుపే అయినా కలర్ నెగటివ్‌ల సి-41 ప్రక్రియలో డెవలప్ అవుతుంది. ఒకే రోలులో కొన్ని ఫొటోలు 100 వద్ద, కొన్ని 800 వద్ద తీసినా మామూలు ప్రాసెసింగ్‌తోనే సరిపోతుంది.

సినిమా ఫిల్మును స్టిల్ కెమెరాలో వాడవచ్చా?

వాడవచ్చు, కానీ దాని వెనుక ఏముందో తెలుసుకుని వాడాలి. కోడాక్ విజన్3 500టి వంటి ఫిల్ముల వీపున రెమ్‌జెట్ అనే నల్లని కార్బన్ పూత ఏళ్ల తరబడి ఉంటూ వచ్చింది. కెమెరాలో గీతలు పడకుండా, స్థిర విద్యుత్తు మెరుపులు రాకుండా, వెలుగు వెనక్కి తిరిగి రాకుండా అది కాపాడుతుంది. మామూలు సి-41 యంత్రంలో వేస్తే ఆ నలుపు ఊడి రసాయనాలను, ఇతరుల ఫిల్ములను పాడుచేస్తుంది. దానికి సినిమా ఫిల్ములకైన ఇసిఎన్-2 ప్రక్రియ చేసే ల్యాబే కావాలి.

సినెస్టిల్ 800టి ఈ పూతను ముందే తొలగించి అమ్మే ఫిల్ము. దీపాల చుట్టూ ఎర్రని వలయాలు కనబడటం దాని గుర్తు. ఆ వలయాలు ఎర్రగానే ఎందుకు ఉంటాయంటే, పొరలన్నీ దాటి వెళ్లిన వెలుగు ఫిల్ము వీపున తగిలి వెనక్కి వచ్చినప్పుడు ముందుగా ఎదురయ్యేది అట్టడుగున ఉన్న, ఎరుపుకు స్పందించే పొర.

పేరు చివర ఉన్న టి అంటే టంగ్‌స్టన్, అంటే 3200 కెల్విన్ల (వెలుగు రంగును చెప్పే కొలత) దీపపు వెలుగుకు సరిచేసినది. పగటి వెలుగు సుమారు 5500 కెల్విన్లు కనుక ఎండలో నీలంగా వస్తుంది. 85 నంబరు నారింజ ఫిల్టరు పెడితే సరిపోతుంది కానీ మూడింట రెండు వంతుల స్టాపు వెలుగు పోతుంది, 500 ఫిల్మును 320గా లెక్కించాలి.

ఎక్కువ సేపు షట్టర్ తెరిచి ఉంచితే లెక్క ఎందుకు తప్పుతుంది?

స్ఫటికంలో గుప్త ప్రతిబింబం, అంటే డెవలప్ చేయకముందు కంటికి కనబడని ప్రతిబింబం, స్థిరపడాలంటే కొన్ని వెండి పరమాణువులు దాదాపు ఒకేసారి కూడాలి. వెలుగు మరీ సన్నగా చినుకుల్లా పడితే, రెండోది వచ్చేలోపే మొదటిది చెదిరిపోతుంది. దీనినే రెసిప్రాసిటీ వైఫల్యం అంటారు. హెచ్‌పీ5 ప్లస్‌కు మీటరు చూపిన సమయాన్ని 1.31 ఘాతానికి పెంచమని ఇల్ఫోర్డ్ చెబుతుంది: 10 సెకన్లకు సుమారు 20, 30 సెకన్లకు సుమారు 86. ఫుజీ అక్రోస్ 2 మాత్రం 120 సెకన్ల వరకు సవరణ కోరదు, రాత్రి ఫొటోలు తీసేవారు దానిని ప్రేమించడానికి అదే కారణం. కలర్ ఫిల్ములో మూడు పొరలు మూడు రకాలుగా వెనుకబడతాయి కాబట్టి వెలుగుతోపాటు రంగు కూడా ఒరుగుతుంది.

ఇన్‌ఫ్రారెడ్ ఫిల్ములో ఆకులు తెల్లగా ఎందుకు ఉంటాయి?

ఆకుల లోపలి కణజాలం పరారుణ కాంతిని బలంగా వెనక్కి చిమ్ముతుంది కాబట్టి. ఇల్ఫోర్డ్ ఎస్ఎఫ్ఎక్స్ 200, రోలై ఇన్‌ఫ్రారెడ్ 400 నేడు వాడుకలో ఉన్నవి. ముదురు ఎరుపు ఫిల్టరు లేకుండా ఇవి మామూలు ఫిల్ముల్లాగే ప్రవర్తిస్తాయి.

గడువు తీరిన ఫిల్మును వాడవచ్చా? ఎలా భద్రపరచాలి?

వేడి, తేమ, కాలం ఈ మూడూ ఫిల్ము మీద పొగమంచు లాంటి సాంద్రతను పెంచుతూ, వేగాన్ని తగ్గిస్తూ పోతాయి. పదేళ్లకు ఒక స్టాపు ఎక్కువ ఇవ్వాలనే లెక్క కలర్ నెగటివ్‌లకు ఉజ్జాయింపుగా పనికివస్తుంది. నెమ్మది వేగపు నలుపు తెలుపు ఫిల్ములు అంతకన్నా బాగా నిలుస్తాయి, 3200 వంటివి త్వరగా చెడతాయి, పాత స్లైడు ఫిల్ము మీద ఆధారపడకపోవడమే మేలు. తీసిన తరువాత కూడా ఆలస్యం కూడదు: ఇల్ఫోర్డ్ పాన్ ఎఫ్ ప్లస్ ఫిల్ములో గుప్త ప్రతిబింబం త్వరగా వెలిసిపోతుంది కనుక దానిని మూడు నెలలలోపే డెవలప్ చేయాలి.

ఫ్రిజ్‌లో గాలి చొరని సంచిలో ఉంచండి, వాడేముందు రెండు గంటలైనా బయట పెట్టి ఆ తరువాతే విప్పండి. ఒకసారి తొందరలో ఫ్రిజ్‌లోంచి తీసిన 120 రోలును వెంటనే కెమెరాలో వేశాను. తేమ పట్టి, వెనుక కాగితం మీది అంకెలు, చుక్కలు ఫిల్ము మీదికి దిగాయి. నెగటివ్‌లో ఒక వృద్ధురాలి చెంప మీద 7 అనే అంకె లేతగా, స్పష్టంగా ఉంది. ఆ ఫొటోను మళ్లీ తీసే అవకాశం నాకు రాలేదు.

విమానాశ్రయాలలో సీటీ రకం స్కానర్లు ఫిల్మును ఒక్కసారికే పాడుచేయగలవు. రోళ్లను చేతితో పరిశీలించమని అడగండి.

స్కాన్ చేసిన తరువాత ఫిల్ము స్వభావం నిజంగా మిగులుతుందా?

గ్రెయిన్, వెలుగుల ముగింపు తీరు, నీడల లోతు మిగులుతాయి. రంగుల విషయంలో జాగ్రత్తగా మాట్లాడాలి. కలర్ నెగటివ్‌కు ఇదే సరైన రంగు అని చెప్పగల ఆధారం లేదు. నారింజ పొరను తీసివేసి తిరగేసే పనిని స్కానరు, దాని వెనుక కూర్చున్న మనిషి చేస్తారు. ఒకే నెగటివ్‌ను రెండు వేర్వేరు యంత్రాలలో స్కాన్ చేస్తే రెండు వేర్వేరు ఫిల్ముల్లా కనబడటం మామూలే. అందుచేత ఎవరో పెట్టిన ఫొటో చూసి ఒక ఫిల్ము పచ్చగా ఉంటుందని, మరొకటి గులాబీగా ఉంటుందని తీర్మానించకండి.

ఒక ఫిల్మును నాకై నేను పరీక్షించుకోవాలంటే ఏం చేయాలి?

నీడ, ఎండ, ఒక ముఖం, ఒక తెల్లని బట్ట ఉన్న దృశ్యాన్ని ఎంచుకోండి. డబ్బా మీది వేగం వద్ద ఒకటి, దానికి సగం వద్ద ఒకటి, పావు వద్ద ఒకటి, రెట్టింపు వద్ద ఒకటి తీసి, ప్రతిదానిలోను ఆ సంఖ్య రాసిన కాగితం ముక్క కనబడేలా పెట్టండి. అవే రసాయనాలు, అదే ఉష్ణోగ్రత, అదే సమయం పాటించండి. స్కానరులో స్వయంచాలక సవరణలన్నీ ఆపివేసి నాలుగింటినీ ఒకే అమరికతో స్కాన్ చేయండి. తెల్లని బట్ట నేత ఏ ఫొటోలో మాయమైంది, నీడలోని అంచు ఏ ఫొటోలో మొదట కనబడింది అనే రెండు సంగతులను నోటుపుస్తకంలో ఫిల్ము పేరు, డెవలపర్ పేరు, తేదీతో సహా రాసుకోండి.